చిన్న రాకెట్ చవకేనా? శ్రీహరికోట లెక్కలు

ఎత్తు 34 మీటర్లు. వ్యాసం 2 మీటర్లు. బయల్దేరేటప్పుడు బరువు 120 టన్నులు. మోసుకెళ్లేది 500 కిలోలు. ఇస్రో సిద్ధం చేసిన చిన్న ఉపగ్రహ వాహకనౌక ఎస్‌ఎస్‌ఎల్‌వీ వివరాలివి. శ్రీహరికోటలోని షార్ ప్రయోగ కేంద్రం నుంచి ఇది మూడుసార్లు లేచింది: 2022 ఆగస్టు 7న, 2023 ఫిబ్రవరి 10న, 2024 ఆగస్టు 16న. మొదటిది తప్పింది, తర్వాతి రెండూ గురి చేరాయి. తయారీ బాధ్యత ఇప్పుడు ప్రభుత్వ రంగంలోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ చేతికి వెళ్తోంది.

ఈ రాకెట్ గురించి మొదటి నుంచీ రెండు మాటలు వింటున్నాం. ఒకటి, ఇది చవక. రెండు, ఇది విడిభాగాలను చకచకా బిగించి, అడిగిన వెంటనే ఎగరేయగలిగేది. ఆ రెండు మాటల్లో ఎంత రుజువైంది, ఎంత ఇంకా రుజువు కావాలి? అంకెలు ముందు పెట్టుకుని చూద్దాం.

120 టన్నుల్లో 500 కిలోలు

ఏ రాకెట్టయినా చాలావరకు ఇంధనమే. ఎస్‌ఎస్‌ఎల్‌వీలో మూడు ఘన ఇంధన దశలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మొదటి దశలో 87 టన్నులు, రెండో దశలో 7.7 టన్నులు, మూడో దశలో 4.5 టన్నుల ఇంధనం. మొత్తం 99.2 టన్నులు. అంటే వేదిక మీద నిలబడ్డ బరువులో నూటికి 83 వంతులు మండిపోవడానికే ఉంది. భూమికి 500 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యకు చేరే సరుకు 500 కిలోలకు మించదు. మొత్తం బరువులో అది అర శాతం కూడా కాదు, 0.42 శాతం.

ఈ అంకె చిన్నదేమీ కాదు. 1980 జులై 18న ఇదే శ్రీహరికోట దీవి నుంచి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన ఎస్‌ఎల్‌వీ-3 బరువు 17 టన్నులు, మోసే సత్తా 40 కిలోలు. లెక్కేస్తే 0.24 శాతం. అంటే బరువులో ఏడు రెట్లు పెరిగిన చిన్న రాకెట్, సరుకులో పన్నెండున్నర రెట్లు పెరిగింది. 320 టన్నుల పీఎస్‌ఎల్‌వీ ధ్రువ కక్ష్యకు 1,750 కిలోలు మోస్తుంది, అది 0.55 శాతం. పెద్ద వాహనానికి ఆ మాత్రం మొగ్గు ఎప్పుడూ ఉంటుంది. చిన్నదానికి ఈ లెక్కలో పెద్దదాన్ని గెలిచే అవకాశం లేదు. గెలవాలంటే వేరే చోట గెలవాలి. ఆ చోటు సమయం.

ఆర్పలేని మంట, సరిచేసే చివరి భాగం

మూడు దశలకూ ఘన ఇంధనం ఎందుకు? ఘన ఇంధనం ముందే పోసి, గట్టిపడనిచ్చి, దాచిపెట్టుకోవచ్చు. ప్రయోగానికి ముందు అతిశీతల ద్రవాలు నింపే పని లేదు. వేదిక దగ్గర ట్యాంకులు, గొట్టాలు, పంపుల అవసరం తగ్గుతుంది. ఎస్‌ఎస్‌ఎల్‌వీ రెండో ప్రయోగానికి కౌంట్‌డౌన్ తెల్లవారుజామున 2 గంటల 48 నిమిషాలకు మొదలై, 9 గంటల 18 నిమిషాలకు ముగిసింది. ఆరున్నర గంటలు. పీఎస్‌ఎల్‌వీకి మామూలుగా ఒక పగలూ రాత్రీ దాటుతుంది.

దీనికో చిక్కుంది. ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే మధ్యలో ఆపలేం, తగ్గించలేం, మళ్లీ వెలిగించలేం. ఉన్నదంతా మండి ఆరిపోయేదాకా తోస్తూనే ఉంటుంది. కక్ష్యకు కావలసిన వేగమేమో సెకనుకు 7.6, 7.7 కిలోమీటర్ల దగ్గర కచ్చితంగా ఉండాలి. మూడో దశ కాస్త ఎక్కువో తక్కువో తోస్తే ఉపగ్రహం దారి తప్పుతుంది. అందుకే మూడు దశల పైన ద్రవ ఇంధనంతో నడిచే ఒక చిన్న భాగం పెట్టారు. మిగిలిన వేగాన్ని సరిదిద్దడం, ఉపగ్రహాలను ఒక్కొక్కటిగా వదలడం దాని పని. బలమంతా కింది మూడు దశలది, నేర్పంతా పై భాగానిది.

ఒక్క శాతం లోటు

2022 ఆగస్టు 7 ఉదయం 9 గంటల 18 నిమిషాలు. ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటిసారి లేచింది. పైన 135 కిలోల ఈఓఎస్-02, 8 కిలోల ఆజాదీశాట్ ఉన్నాయి. ఆజాదీశాట్‌లో 75 చిన్న పరికరాలు. దేశం నలుమూలల ప్రభుత్వ పాఠశాలల్లో చదివే 750 మంది అమ్మాయిలు వాటి తయారీలో పాలుపంచుకున్నారు. మూడు దశలూ అనుకున్నట్టే మండాయి. కానీ ఉపగ్రహాలు చేరిన కక్ష్య వేరు. 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యలోకి వెళ్లాల్సినవి, ఒక కొస 356, మరో కొస 76 కిలోమీటర్లున్న దీర్ఘవృత్తంలో పడ్డాయి. 76 కిలోమీటర్ల ఎత్తులో గాలి పలచగానైనా ఉంటుంది. ఆ వేగంతో దాన్ని రాసుకుంటూ పోయే ఏ వస్తువూ నిలవదు. రెండు ఉపగ్రహాలూ పోయాయి.

ఇంజన్‌లో లోపం లేదు. ఇంధనంలో లోపం లేదు. రెండో దశ విడిపోయే క్షణంలో వచ్చిన కుదుపు అసలు కారణం. రాకెట్ వేగం ఎలా మారుతోందో పసిగట్టడానికి అందులో ఆరు త్వరణమాపకాలు ఉన్నాయి. కుదుపు వాటి కొలత పరిధిని క్షణకాలం దాటింది. ఆరూ చెడిపోయాయని కంప్యూటర్ నిర్ణయించుకుంది. నిజానికి ఆరూ బాగానే ఉన్నాయి. అవి అందించే కొలతలను పక్కన పెట్టి, ముందే రాసిపెట్టిన అత్యవసర దారిలో రాకెట్‌ను నడిపించింది. చివరికి వేగంలో మిగిలిన లోటు ఒక శాతం చుట్టూ ఉంటుంది. కక్ష్యకూ సముద్రానికీ మధ్య తేడా ఆ ఒక్క శాతమే.

దిద్దుబాట్లు సూటిగా జరిగాయి. రెండో దశను విడదీసే ఏర్పాటును మార్చి కుదుపు తగ్గించారు. పరికరాలు కూర్చున్న అర నిర్మాణాన్ని మార్చారు. మాపకం చెడిపోయిందని తేల్చే ముందు కంప్యూటర్ ఎంతసేపు చూడాలి, ఏం సరిపోల్చుకోవాలి అన్న తర్కాన్ని తిరగరాశారు. 187 రోజుల తర్వాత రెండో రాకెట్ లేచింది. 156.3 కిలోల ఈఓఎస్-07, 10.2 కిలోల జానస్-1, 8.7 కిలోల ఆజాదీశాట్-2 మూడూ 450 కిలోమీటర్ల కక్ష్యకు చేరాయి. అమ్మాయిల కష్టానికి రెండో అవకాశం దక్కింది.

తొలి ప్రయోగం తప్పడం షార్ చరిత్రలో కొత్త కాదు. 1979లో ఎస్‌ఎల్‌వీ-3, 1987లో ఏఎస్‌ఎల్‌వీ, 1993లో పీఎస్‌ఎల్‌వీ, అన్నీ మొదటిసారి విఫలమైనవే. ఆ పీఎస్‌ఎల్‌వీయే 2017 ఫిబ్రవరి 15న ఒకే ప్రయోగంలో 104 ఉపగ్రహాలను కక్ష్యలో పెట్టింది. కాబట్టి మొదటి ప్రయోగం చూసి ఎస్‌ఎస్‌ఎల్‌వీకి మార్కులు వేయడం తొందరపాటు. ఆరు నెలల్లో తప్పు కనిపెట్టి, దిద్ది, మళ్లీ ఎగరేయడం మాత్రం గట్టి మెచ్చుకోలుకు తగిన పని.

బిగించే పద్ధతి: పాత విద్య, కొత్త ఉపయోగం

విడిభాగాలు కలిపి అవసరానికి తగ్గ రాకెట్ తయారు చేసుకోవడం ఇస్రోకు అలవాటైన విద్యే. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశకు పక్కన బిగించే ఘన ఇంధన మోటార్ల సంఖ్య చూడండి. ఒక రకానికి సున్న, ఒకదానికి రెండు, మరోదానికి నాలుగు, ఎక్స్‌ఎల్ రకానికి ఆరు. ఎక్స్‌ఎల్‌లో ఒక్కో మోటారులో 12 టన్నుల ఇంధనం. నడుమ రాకెట్ ఒకటే, పక్కన ఎన్ని తగిలించాలన్నది సరుకును బట్టి.

ఎస్‌ఎస్‌ఎల్‌వీలో ఈ సర్దుబాటు పక్కల నుంచి పై అంతస్తుకు వెళ్లింది. కింది మూడు దశలూ ఎప్పుడూ అవే, ప్రతిసారీ ఒకటే కొలత. పైన కూర్చోబెట్టే వాళ్లు మారతారు: ఒక పెద్ద ఉపగ్రహం, లేదా ఒక పెద్దదీ రెండు చిన్నవీ, లేదా అన్నీ చిన్నవే. కింద మార్పు లేకపోతే ఫ్యాక్టరీలో ఒకే అచ్చుతో పని నడుస్తుంది. భాగాలు ముందే చేసి దాచుకోవచ్చు. ఆరుగురు మనుషులు, 72 గంటలు, రాకెట్ సిద్ధం: ఇస్రో పెద్దలు మొదట్లో పెట్టుకున్న లక్ష్యం ఇది.

ఇప్పటిదాకా ఆ లక్ష్యానికి ఎంత దగ్గరయ్యాం? మొదటి ప్రయోగానికీ రెండోదానికీ మధ్య 187 రోజులు. రెండోదానికీ మూడోదానికీ మధ్య 553 రోజులు. ఇవి అభివృద్ధి ప్రయోగాలు, ప్రతిదాని తర్వాతా సమీక్షలుంటాయి, ఎక్కే ఉపగ్రహం సిద్ధం కావాలి. అందుకని 553ను 72 గంటల పక్కన పెట్టి నవ్వడం న్యాయం కాదు. అయితే మూడు రోజుల్లో బిగించగల రాకెట్‌కు మూడేళ్లలో మూడే ప్రయోగాలు దొరికితే, ఆ వేగం వల్ల ఎవరికీ లాభం లేదు. న్యూజిలాండ్ నుంచి ఎగిరే ఎలక్ట్రాన్ రాకెట్ మోసేది 300 కిలోలే. 2024 ఒక్క సంవత్సరంలోనే అది 16 సార్లు లేచింది. చిన్న రాకెట్ వ్యాపారం నిలిచేది ఆ అంకె మీదే.

చవక అంటే ఏ లెక్కన?

ఎస్‌ఎస్‌ఎల్‌వీ ప్రాజెక్టుకు ప్రభుత్వం మంజూరు చేసిన మొత్తం 169 కోట్ల రూపాయలు. రూపకల్పన, పరీక్షలు, మూడు అభివృద్ధి ప్రయోగాలు, అన్నీ అందులోనే. ప్రయోగానికి పంచితే 56 కోట్ల చిల్లర. కొత్త రాకెట్‌ను కాగితం మీది నుంచి కక్ష్య దాకా తీసుకెళ్లడానికి ఇది నిజంగా తక్కువ ఖర్చు. ఇందులో సందేహం లేదు.

కొనేవాడి లెక్క వేరు. ఒక్కో ఎస్‌ఎస్‌ఎల్‌వీకి 30 నుంచి 35 కోట్లు అవుతుందని మొదట్లో వచ్చిన అంచనా. నిండుగా 500 కిలోలు ఎక్కిస్తే కిలోకు 6 లక్షల నుంచి 7 లక్షలు. అదే రాకెట్‌లో 175 కిలోలే ఎక్కితే కిలోకు 17 లక్షల నుంచి 20 లక్షలు. ఈ 175 ఊరికే వేసిన అంకె కాదు. రెండో ప్రయోగంలో ఎక్కిన మొత్తం 175.2 కిలోలు. మూడో ప్రయోగంలో ఈఓఎస్-08 బరువు 175.5 కిలోలు. మొదటిదాంట్లో 143. అంటే ప్రకటించిన 500 కిలోల సత్తాలో మూడో వంతు దగ్గరే మూడు ప్రయోగాలూ ఆగాయి. రాకెట్ నమ్మదగినదేనని రెండుసార్లు రుజువైంది. నిండు బరువు రుజువు ఇంకా బాకీ ఉంది.

మరి పోటీ? అమెరికా కంపెనీ స్పేస్ఎక్స్ తన పెద్ద రాకెట్‌లో చిన్న ఉపగ్రహాలకు సీట్లు అమ్మడం మొదలుపెట్టినప్పుడు 200 కిలోలకు 10 లక్షల డాలర్లు అంది. కిలోకు 5 వేల డాలర్లు, అప్పటి మారకంలో 4 లక్షల రూపాయల లోపే. 2021 జనవరి 24న ఆ పద్ధతిలో ఒకే రాకెట్ 143 ఉపగ్రహాలను మోసింది. ఆ తర్వాత ధర పెరిగినా, నిండు ఎస్‌ఎస్‌ఎల్‌వీతో గట్టిగానే పోటీ పడుతుంది.

అయినా చిన్న రాకెట్ ఎవరికి కావాలి? సూళ్లూరుపేట బస్టాండులో నెల్లూరు బస్సు టికెట్ ఆటో కిరాయి కన్నా ఎప్పుడూ తక్కువే. బస్సు తన వేళకు, తన దారిలో పోతుంది. ఇంటి గుమ్మం ముందు, అనుకున్న గంటకు దిగాలనుకున్నవాడు ఆటో ఎక్కుతాడు. ఉపగ్రహాల సంగతీ అంతే. పెద్ద రాకెట్ ఎక్కినవాడు అందరితో పాటు ఒకే కక్ష్యలో దిగాలి, అందరూ సిద్ధమయ్యేదాకా ఆగాలి. తనదైన కక్ష్య, తనదైన తేదీ కావాలన్నవాడు కిలోకు ఎక్కువిచ్చి చిన్న రాకెట్ తీసుకుంటాడు. వరదల వేళ పాడైపోయిన ఉపగ్రహం స్థానంలో వెంటనే ఇంకొకటి నిలపాలన్నా, రక్షణ అవసరాలకు ఉన్నట్టుండి ఒక కన్ను పైకి పంపాలన్నా దారి ఇదే. కాబట్టి ఎస్‌ఎస్‌ఎల్‌వీని కిలో ధరతో తూచడం సగం లెక్క. అడిగిన తేదీకి ఎగిరిందా అన్నది మిగతా సగం.

దక్షిణాన దారి, శ్రీలంక అడ్డు

శ్రీహరికోట 13.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. తూర్పున సముద్రం విశాలంగా ఉంది. తూర్పుకు, ఆగ్నేయానికి పంపేటప్పుడు ఇబ్బంది లేదు. ఎస్‌ఎస్‌ఎల్‌వీ రెండో, మూడో ప్రయోగాల కక్ష్యలు భూమధ్యరేఖకు 37 డిగ్రీల వాలులో ఉన్నాయి. అసలు గిరాకీ ధ్రువ కక్ష్యలకు. భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాలకు కావలసిందదే. నేరుగా దక్షిణానికి పంపితే దారిలో శ్రీలంక వస్తుంది. రాకెట్ శకలాలు జనావాసాల మీద పడకూడదు. కనుక ముందు ఆగ్నేయంగా పోయి, గాలిలోనే దారి మళ్లించుకోవాలి. ఆ మలుపుకు ఇంధనం ఖర్చవుతుంది. పీఎస్‌ఎల్‌వీ లాంటి పెద్ద వాహనం ఆ నష్టాన్ని భరిస్తుంది. మొత్తం మోసేదే కొన్ని వందల కిలోలైన చిన్న రాకెట్‌కు మలుపుతోనే సరుకు చాలావరకు హరించుకుపోతుంది.

అందుకే తమిళనాడులోని తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్నంలో రెండో ప్రయోగ కేంద్రం కడుతున్నారు. 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. అంచనా 986 కోట్లు. అక్కడి నుంచి దక్షిణానికి సూటిగా సముద్రమే. ధ్రువ కక్ష్యకు 300 కిలోలు అక్కడి నుంచి పంపవచ్చని ఇస్రో లెక్క. ఇది విని మన తీరంలో కొందరికి గుబులు. చిన్న రాకెట్ తరలిపోతే శ్రీహరికోటకు మిగిలేదేమిటి? సమాధానం మరో అంకెలో ఉంది. 2025 జనవరిలో కేంద్రం శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకు 3,984.86 కోట్లు మంజూరు చేసింది. గడువు 48 నెలలు. కులశేఖరపట్నం ఖర్చుకు ఇది నాలుగు రెట్లు. పెద్ద రాకెట్లు, మనుషుల్ని మోసే ప్రయోగాలు ఇక్కడే ఉంటాయి. ధ్రువ దారి పట్టే చిన్నవి అక్కడికి వెళ్తాయి. భూగోళం పెట్టిన నియమమిది. దీన్ని రెండు రాష్ట్రాల పోటీగా చూడటం అనవసరం.

511 కోట్ల పందెం

2025 జూన్ 20న ఎస్‌ఎస్‌ఎల్‌వీ సాంకేతికత వేలం ఫలితం వచ్చింది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ 511 కోట్లకు గెలుచుకుంది. హైదరాబాదులోని భారత్ డైనమిక్స్ నాయకత్వంలోని బృందం కూడా చివరిదాకా బరిలో నిలిచింది. సెప్టెంబరు 10న ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. 24 నెలల్లో ఇస్రో తన విద్యంతా అప్పగించాలి. ఆ గడువు 2027 సెప్టెంబరుకు ముగుస్తుంది. ఆ తర్వాత ఏడాదికి ఆరు నుంచి పన్నెండు రాకెట్లు తయారవుతాయని ఆశ.

ఇప్పుడు ఆ 511 కోట్లను ప్రయోగాలకు పంచి చూడండి. మొత్తం పది రాకెట్లే ఎగిరితే ఒక్కోదాని నెత్తిన 51 కోట్లు పడుతుంది. రాకెట్ తయారీ ఖర్చు కన్నా విద్య కొన్న ఖర్చే ఎక్కువ. యాభై ఎగిరితే 10 కోట్లు. వంద ఎగిరితే 5 కోట్లు. చవకదనం రాకెట్ ఉక్కులో లేదు, ఇంధనంలో లేదు. ఎన్నిసార్లు ఎగురుతుందన్న దాంట్లో ఉంది. ఏడాదికి ఒకటి ఎగిరితే ఎస్‌ఎస్‌ఎల్‌వీ కిలో లెక్కన ఖరీదైన రాకెట్టుగా మిగులుతుంది. నెలకొకటి ఎగిరితే పేరుకు తగ్గ చవక రాకెట్టవుతుంది.

ఆ పందెంలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఒంటరిగా లేదు. హైదరాబాదు కంపెనీ స్కైరూట్ 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్‌ను శ్రీహరికోట నుంచే 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పంపింది. దేశంలో ఒక ప్రైవేటు కంపెనీ ఎగరేసిన మొదటి రాకెట్ అదే. దాని తర్వాతి విక్రమ్-1 కూడా మూడు ఘన దశలు, పైన ద్రవ ఇంధన భాగం ఉన్న చిన్న రాకెట్టే. అంటే ఒకే పరిమాణం, ఒకే ఖాతాదారుడు, ఇద్దరు తయారీదార్లు. కొనేవాడికి ఇది మంచి వార్త.

దీవికి, తీరానికి

1971 అక్టోబరు 9న ఆర్‌హెచ్-125 అనే చిన్న రాకెట్‌తో మొదలైన షార్ దాదాపు 145 చదరపు కిలోమీటర్లలో విస్తరించింది. సుమారు 36 వేల ఎకరాలు. ఒకప్పుడు యానాదుల పల్లెలున్న దీవి ఇది. ప్రయోగం ఉన్న రోజున సముద్రంలో నిషేధిత ప్రాంతం ప్రకటిస్తారు. పులికాట్ చుట్టూ, తీరం వెంబడి వేటకు వెళ్లేవాళ్లు ఆ పూట పడవ తీయకూడదు. ఏడాదికి నాలుగైదు ప్రయోగాలున్నప్పుడు అది సర్దుకుపోయే నష్టం. ప్రభుత్వ రాకెట్లు, ప్రైవేటు రాకెట్లు కలిసి నెలనెలా లేస్తే అది కూలీ పోయే నష్టం. తేదీలు ముందుగా తెలుగులో చెప్పడం, పోయిన పూటకు పరిహారం ఇవ్వడం ప్రయోగ ఖర్చులో భాగంగా రాసుకోవాలి. మూడు వేల కోట్లకు పైగా పెట్టి వేదిక కట్టగల దేశానికి అది భారం కాదు.

సూళ్లూరుపేట, నాయుడుపేట, తడ పిల్లలకు కూడా ఇందులో వాటా దక్కాలి. ఘన ఇంధనం పోయడం, భాగాలు బిగించడం, తంతులు కలపడం, ప్రతి బోల్టునూ లెక్కప్రకారం తిప్పి రాసిపెట్టడం, ఇవన్నీ ఐటీఐ, పాలిటెక్నిక్ చదివినవాళ్లు నేర్చుకోగల పనులు. రాకెట్ ఏడాదికొకటి లేస్తే వీళ్లకు తాత్కాలిక పని. ఏడాదికి పన్నెండు లేస్తే జీతమున్న వృత్తి.

సందర్శకుల గ్యాలరీ నుంచి ప్రయోగం చూసినవాళ్లకు తెలుసు. వెలుగు ముందొస్తుంది, శబ్దం కిలోమీటరుకు మూడు సెకన్ల చొప్పున వెనకబడి వస్తుంది. ఘన ఇంధన రాకెట్ తటపటాయించదు, అంటుకున్న వెంటనే లేస్తుంది. మొదటి దశ ఒకటిన్నర నిమిషానికి కాస్త పైన మండి ఆరిపోతుంది. పావుగంటకల్లా ఉపగ్రహాలు విడిపోతాయి. చూడటానికి ఎంతో బాగుంటుంది. కానీ ఎస్‌ఎస్‌ఎల్‌వీ విలువ ఆ పావుగంటలో తేలదు.

ఇకపై చూడాల్సిన మూడు అంకెలు

తర్వాతి ఎస్‌ఎస్‌ఎల్‌వీ వార్త వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. గత ప్రయోగానికీ దీనికీ మధ్య ఎన్ని రోజులు? 553 కన్నా తగ్గిందా, 60కి దిగిందా? ఎన్ని కిలోలు ఎక్కించారు? 175 దాటిందా, 500కు ఎంత దగ్గరైంది? డబ్బిచ్చి ఎక్కిన బయటి ఖాతాదారులెందరు?

మూడు ప్రయోగాలు చూశాక నా అభిప్రాయం ఇది. రాకెట్ మంచిది. రూపకల్పన తెలివైనది, తప్పు దిద్దుకున్న తీరు గర్వపడదగ్గది, 169 కోట్లలో ముగించడం ఇంకా గొప్పది. చవక అనే మాట మాత్రం ఇంకా వాగ్దానమే. దాన్ని నిజం చేయాల్సింది ఇంజినీర్లు కాదు, వాళ్ల పని వాళ్లు చేశారు. వరసగా ఉపగ్రహాలు ఇవ్వాల్సిన ప్రభుత్వ శాఖలు, ఆర్డర్లు తేవాల్సిన తయారీదారులు, తేదీ మాట తప్పకుండా నిలబెట్టాల్సిన ప్రయోగ కేంద్రాలు ఇక తమ వంతు చేయాలి. 2027 సెప్టెంబరు తర్వాత వచ్చే మొదటి పన్నెండు నెలల్లో కనీసం ఆరు ఎస్‌ఎస్‌ఎల్‌వీలు ఎగిరితే ఆ వాగ్దానం నిలబడినట్టే.